సభాపతి ఎడమ చెవి

కబురు వచ్చేసరికి మందాకిని అట్లకాడ పట్టుకుని కొత్త పెనంతో పోట్లాడుతోంది. మొదటి మూడు అట్లూ పీలికలైపోయాయి. నాలుగోది మాత్రం అంచులు ఎర్రగా కాలి, బతిమాలించుకోకుండా తనంతట తనే పైకి లేచింది. ఆ సంబరంలో "సింహా, పరిగెత్తుకు రా, అట్టు లేచింది!" అని కేక పెట్టింది. సింహాద్రి గడ్డానికి సబ్బునురగతో వంటింట్లోకి వచ్చేలోపే ఫోను మోగింది.

"మందాకినీ, కూర్చున్నావా, నిలబడ్డావా?" ప్రయోగశాల పెద్ద మెహర్ మేడం గొంతు.

"నిలబడ్డాను మేడం. పొయ్యి దగ్గర."

"అయితే పొయ్యి కట్టెయ్. కుర్చీ మనకిచ్చారు."

"ఏ కుర్చీ?" తెలిసే అడిగింది. ఆ మాట ఇంకోసారి వినాలని.

"ఏ కుర్చీ ఏంటే పిల్లా! జాతీయ సభాపతి కుర్చీ. కొత్త భవనంలో కొత్తది వేసుకున్నారు, పాతది మ్యూజియానికి పంపిస్తున్నారు. దారిలో మన విశాఖలో దిగుతుంది. ఇన్నేళ్ళ సభాపతులందరి గొంతులూ మన చేతికొస్తాయి. మీ తాతగారిది కూడా."

ఫోను పెట్టేసి మందాకిని మొగుణ్ణి వాటేసుకుంది. నురగ ఆమె చెంపకి అంటింది. ఈలోగా నాలుగో అట్టు బొగ్గయింది. సింహాద్రి దాన్నే కంచంలో వేసుకుని, కరకరా నమిలి, "పెళ్ళిభోజనంలో కూడా ఇంత రుచి లేదు," అన్నాడు.

"అబద్ధాలకోరు."

"కొత్త మొగుణ్ణి. కొన్నాళ్ళు చెల్లుతుంది."

ఆ పూటంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు. సభాపతి నరహరి ఆమెకి అమ్మ తరఫు తాత, ఇప్పుడు లేడు. ఆయన ఆ కుర్చీలో కూర్చున్న రోజులు ఆమె పుట్టకముందువి. ఆమెకి తెలిసింది విశాఖ ఇంట్లో, వాలుకుర్చీలో, ఎడమ చెవికి చెవుడొచ్చిన ముసలాయన. చిన్నప్పుడే అమ్మ పోతే ఆయనా, అమ్మమ్మ సుభద్రమ్మా పెంచారు. మాట్లాడాలంటే ఎప్పుడూ కుడివైపుకి వెళ్ళి గట్టిగా చెప్పాలి. దాచుకోవాల్సినవి మాత్రం ఎడమ చెవిలో చెప్పేది. బడిలో ఎవర్ని కొట్టిందో, ఎవరి పెన్సిలు కొట్టేసిందో. అమ్మ పోయిన ఏడాది, "అమ్మ బదులు నువ్వు పోవాల్సింది తాతయ్యా," అని కూడా ఆ చెవిలోనే చెప్పింది. ఆయన కదల్లేదు. చిన్నగా నవ్వి, "ఏంటి తల్లీ, చెవిలో గాలి పెడుతున్నావా?" అన్నాడు.

ఆ చెవి కోసమే ఆమె శబ్దశాస్త్రం చదివింది. కాలేజీలో ఉండగా తన చేత్తో చిన్న యంత్రం చేసి ఆయన చెవిలో పెట్టింది. "వినపడుతోంది తల్లీ! కాకి అరుస్తోంది!" అని ఆయన ఏడ్చేశాడు. అంత మంచి రోజు ఆమెకి మళ్ళీ పెళ్ళిరోజే.

పెళ్ళి కూడా ఆ చెవుడు పుణ్యమా అనే కుదిరిందని సింహాద్రి వేళాకోళం చేస్తుంటాడు. అతని వాళ్ళది గవ్వలపాలెం. ఒకప్పుడు సముద్రపొడ్డున ఉండేది. నరహరి సభాపతిగా ఉన్నప్పుడు తీర ఖాళీ చట్టం వచ్చింది. సముద్రం ముంచుకొస్తుందని చెప్పి ఊళ్ళకి ఊళ్ళు లేపి కొండమీది కాలనీల్లో పడేశారు. సముద్రం రాలేదు. ఆ ఒడ్డున గోదాములు వచ్చాయి. ఆ చట్టం మూజువాణి ఓటుతో నెగ్గింది. అవునన్నవాళ్ళు, కాదన్నవాళ్ళు చెరోసారి అరుస్తారు, ఏ అరుపు పెద్దదో సభాపతి చెవితో తేలుస్తాడు. నమ్మకం లేకపోతే ఏ ఒక్క సభ్యుడైనా లేచి డివిజన్ అడగొచ్చు. అడిగితే తలలు లెక్కపెట్టి తీరాలి. ఆ రోజు ఎవరూ అడగలేదని సభ రికార్డు చెబుతుంది.

గవ్వలపాలెం తరఫున సభలో ఉన్నది అచ్చియ్యమ్మ, సింహాద్రి తల్లి నూకరత్నానికి సొంత అప్ప, తోడబుట్టిన అక్క. తను డివిజన్ ముమ్మారు అడిగానని ఆవిడ ఒట్టేసి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. సభాపతి అనుమతిస్తేనే సభ్యుడి మైకు పలుకుతుంది, ఆవిడ మైకు పలకలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ గోలలో ఏమీ వినపడలేదన్నారు. ప్రతిపక్షం కూర్చునేది సభాపతికి ఎడమవైపు. "నా ఎడమ చెవి పనిచెయ్యడం లేదు, నాకు వినపడలేదు," అని నరహరి సభలో చేతులు జోడించాడు. జనం ఆయన మీద జాలిపడ్డారు.

పెళ్ళిచూపుల్లో ఈ మాట వచ్చినప్పుడు నూకరత్నం అంది, "సెవిటాయనదేటి తప్పమ్మా? మా అప్పే నోరు పెగల్చలేదు. గట్టిగా అరిస్తే సెవిటోడికైనా ఇనపడదేటి?" అని, మందాకిని చేతిలో చేపల పులుసు గిన్నె పెట్టింది.

*

కుర్చీ వచ్చింది. ఎత్తైన టేకు కుర్చీ, చేతుల చివర సింహం తలలు, ఇన్ని చేతులు రాసి రాసి ముక్కులరిగిపోయిన సింహాలు. మందాకిని వాటిని తడిమి, "పాపం, వీటికి జలుబు," అంటే ప్రయోగశాలంతా నవ్వింది.

ఆ కుర్చీకో ఆచారం ఉంది. ప్రతి సమావేశాల ముందూ దానికి ఒక పూత లక్క వేస్తారు. లక్క పూర్తిగా గట్టిపడటానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆ కొన్నాళ్ళూ చుట్టుపక్కల పలికిన ప్రతి మాటా సన్నటి వణుకై అందులో ఉండిపోతుంది. ఈ సంగతి మెహర్ మేడంకి ఏటికొప్పాక లక్కబొంగరం ఒకటి పరీక్షిస్తుంటే తెలిసింది. బొంగరంలోంచి దాన్ని చేసినాయన దగ్గు, వెనకాల కోడికూత వినపడ్డాయట. కాంతిసూదితో పూతని పొరపొరగా తాకితే లోపలి వణుకు మళ్ళీ మాటవుతుంది. కాకపోతే ఒక్కసారే. సూది తాకిన చోట లక్క మసైపోతుంది. చదివిన పూత ఇక ఉండదు, ప్రయోగశాల దగ్గరున్న శబ్దమే మిగులుతుంది.

అందుకే సభ ఒక షరతు పెట్టింది. ఏ సభాపతి పూత చదివినా ముందు ఆయన ఇంటివాళ్ళు వినాలి. వాళ్ళు దాన్ని ఎవరికైనా వినిపించుకోవచ్చు. మర్నాడు మధ్యాహ్నం అది సభకి వెళ్ళేలోపు, ఇది మా సొంత సంగతి అని వాళ్ళలో ఏ ఒక్కరు చెప్పినా ప్రయోగశాల ఆ ముక్క తీసెయ్యాలి.

పైనుంచి కిందికి, ఇవాళ్టి నుంచి నిన్నటికి, సభాపతులు ఒక్కొక్కరే లేచొచ్చారు. మొదటాయన విరామంలో గొంతులో కూనిరాగం తీసేవాడు, అదీ ఎప్పుడూ ఒకే రాగం. ఆయన కింద పూతలో ఒకావిడ, "కూర్చో నాయనా, కూర్చో, నీకు మైకు ఇవ్వలేదు, గొంతు చించుకోకు," అని మేనత్తలా కసిరేది. ఇంకొకాయన నిద్రపోయాడు. గురక మొదలైంది, సభంతా నవ్వింది, మెలకువొచ్చి "ప్రశ్న అర్థమైంది, తర్వాతి ప్రశ్న" అన్నాడు. మందాకిని ఆ ముక్క సాయంత్రం సింహాద్రికి అనుకరించి చూపిస్తే, అతను టీ పొలమారి దగ్గాడు. ఇంకా కిందికి పోతే కఠినుడని పేరున్న ఒకాయన. ఓట్లు సరిసమానంగా చీలి, తన ఓటుతో తేల్చాల్సి వచ్చినప్పుడు సొంత పార్టీకి ఎదురు వేశాడు. వేసేముందు ఆయన ఊపిరి ఎంత బరువుగా ఆడిందో లక్క దాచిపెట్టింది. ఆ ఊపిరి విని మెహర్ మేడం కళ్ళు తుడుచుకుంది.

"రేపు మీ తాతగారు," అంది మేడం. "అమ్మమ్మని తీసుకురా."

"ఆవిడ రానంది. మోకాళ్ళట. నన్నే వినమంది."

మందాకినికి అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. మర్నాడు కొత్త చీర కట్టుకుని వెళ్ళింది.

*

మొదట ఖాళీ సభలో అడుగుల చప్పుడు. తర్వాత గొంతు సవరించుకోవడం. ఆ గొంతు తాతయ్యదే, కాని వయసులో ఉన్న తాతయ్యది, నిండుగా, కొంచెం ముక్కుతో. మందాకిని చెవులకున్న తొడుగుల్ని రెండు చేతులా అదుముకుని నవ్వింది. మెహర్ మేడం ఇంకో జత తొడుక్కుని పక్కనే కూర్చుంది.

తీర ఖాళీ బిల్లు వచ్చింది. "అనుకూలురు అవును అనండి." అరుపు. "ప్రతికూలురు కాదు అనండి." ఎడమవైపు నుంచి లేచిన అరుపుకి సూది పట్టు తప్పింది, యంత్రం దానంతటదే శబ్దం తగ్గించుకుంది. మొదటి అరుపుకి రెండింతలు ఉంటుంది.

"అవునన్నవారే నెగ్గారు," అన్నాడు తాతయ్య.

"అధ్యక్షా, డివిజన్!" ఒకావిడ గొంతు. బొంగురుగా, సముద్రం మీద పడవని కేకేసే గొంతు. "అధ్యక్షా, డివిజన్ అడుగుతున్నాను! లెక్కపెట్టండి! అధ్యక్షా, ఇటు సూడండి, ఇటు!"

ఆవిడ మూడోసారి అడిగాక కుర్చీ చేతి మీద వేళ్ళు తట్టిన చప్పుడైంది. ఎవరో, సభ గుమాస్తా కాబోలు, కింది నుంచి ఏదో అడిగారు. తాతయ్య నోరు కుర్చీ చేతికి దగ్గరగా వంగింది. అంత దగ్గరగా వంగబట్టే లక్కకి అంత స్పష్టంగా దొరికింది.

"విన్నానయ్యా. విననట్టు కానివ్వు. ఆవిడకి మైకు ఇవ్వకు."

తర్వాత నిండు గొంతుతో, "బిల్లు ఆమోదం పొందింది."

మెహర్ మేడం తొడుగులు తీసేసి పక్కన పెట్టింది. "నీళ్ళు తాగుతావా?" అంది.

మందాకినికి ఎదురుగా కనిపిస్తున్నది సభ కాదు. వాలుకుర్చీ. చెవిలో గాలి పెడుతున్నావా అని నవ్విన మొహం. ఆ చెవికి అన్నీ వినపడ్డాయి. పెన్సిలు వినపడింది. అమ్మ బదులు నువ్వు పోవాల్సింది అన్నది వినపడింది. తను చేసిన యంత్రం పెట్టినప్పుడు ఏడ్చాడే, ఆ యంత్రం అసలు పనిచేసిందో లేదో ఇప్పుడు ఎవర్ని అడగాలి?

*

అమ్మమ్మ వరండాలో చింతపండు ఈనెలు తీస్తోంది. మనవరాలి మొహం చూడగానే పళ్ళెం పక్కకి జరిపింది.

"విన్నావా?" అంది.

"అంటే నీకు తెలుసు."

"కూర్చో."

"ఎప్పట్నుంచి తెలుసు అమ్మమ్మా?"

"ఆ సాయంత్రం నుంచీ. ఇంటికొచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు. కాఫీ ఇస్తే తీసుకోలేదు. 'సుభద్రా, ఇవాళ్టి నుంచి నాకు ఈ చెవి వినపడదు' అన్నాడు. ఏం తమాషా అన్నాను. తమాషా కాదు, గుర్తుపెట్టుకో అన్నాడు. అంతే."

"ఎందుకు?"

"ఆ వారం ఆయన్ని కుర్చీలోంచి దించే తీర్మానం తయారుగా పెట్టుకున్నారే. ఈ బిల్లు నెగ్గిస్తే తీర్మానం ఉండదన్నారు. ఆయనకి ఆ కుర్చీ అంటే…" సుభద్రమ్మ చింతపండు పిసుకుతూ ఆగింది. "నేనైనా అంత ఇష్టం కాదు."

"తర్వాత చెప్పొచ్చుగా! కుర్చీ పోయాక, ముసలాయన అయ్యాక? కనీసం నాకు?"

"చెవిటివాడని లోకమంతా నమ్మాక మళ్ళీ వినపడుతోందని ఎట్లా చెప్తాడే? ఒకసారి మొదలెట్టాడు. నీ దగ్గర మానితే అందరి దగ్గరా మానాలి."

"నేను యంత్రం చేసిన రోజు?"

"ఆ రోజు నిజంగానే ఏడ్చాడు తల్లీ. రాత్రంతా నిద్రపోలేదు. నిద్రకని పాలల్లో ఏ చూర్ణం కలిపిచ్చినా…"

"వద్దు, ఇంక చెప్పకు." మందాకిని లేచి గోడకి ఆనుకుంది. "నువ్వు కూడా నా ఎదుట ఆయన కుడిచెవిలో అరిచేదానివి. పప్పులో ఉప్పెక్కువైందా అని కూడా అరిచేదానివి. ఇద్దరే ఉన్నప్పుడు?"

సుభద్రమ్మ తలెత్తలేదు. "గుసగుసలాడుకునేవాళ్ళం," అంది.

ఆ మాట మందాకినికి అన్నిటికంటే లోతుగా దిగింది. తను పక్కగదిలో నిద్రపోతుంటే ఆ ఇద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు, నవ్వుకుని ఉంటారు కూడా. ఆ ఇంట్లో నిజంగా ఏమీ వినపడనిది ఒక్క తనకే.

"ఆ అచ్చియ్యమ్మ సంగతి తెలుసా నీకు?" అంది.

"పోయిందటగా."

"ఎట్లా పోయిందో తెలుసా? ఊళ్ళో ఒక్కరూ పలకరించలేదు. చెల్లెలు గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ చెల్లెలే మా అత్తగారు."

సుభద్రమ్మ చేతులు తుడుచుకుంది. మెల్లగా, కాని తడబడకుండా అంది, "ఆయన పోయాడు, ఆవిడా పోయింది. ఇంకెవరికి మేలు? తీసెయ్యమను. ఒక్కరు చెప్తే చాలుగా? రేపు మధ్యాహ్నంలోగా నేనే మీ మేడంకి ఫోను చేస్తాను. నీ కాపురం చూసుకో మందా. ఇప్పుడే కదే మొదలెట్టావు."

*

బడి వదిలేవేళకి మందాకిని సింహాద్రి పనిచేసే స్కూలు గేటు దగ్గర నిలబడింది. అతను భూగోళం చెప్తాడు. చంకలో చుట్టిన పటాలతో, చొక్కా నిండా సుద్దతో బయటికొచ్చి, పెళ్ళాన్ని చూసి ఇంత మొహం చేసుకున్నాడు.

"ఏంటీ, మొగుణ్ణి తీసుకెళ్ళడానికొచ్చావా? పిల్లలు చూస్తున్నారు, కాస్త సిగ్గుపడు."

ఆమె నవ్వలేదు. చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. మూడుసార్లు అడిగిన గొంతు గురించి, వంగిన నోటి గురించి, అమ్మమ్మ చేస్తానన్న ఫోను గురించి. చెప్తున్నంతసేపూ అతని చేతి వంకే చూసింది. ఆ చెయ్యి తన చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో ఆమెకి తెలీలేదు.

"మా పెద్దమ్మ," అన్నాడు చివరికి. "ఒకసారి నాకు జీళ్ళిచ్చింది. కాలనీ మెట్ల దగ్గర. నేను చిన్నోణ్ణి. ఆవిడ చేతిది తినకూడదని ఇంట్లో చెప్పారు కదా, ఆవిడ ముందే మట్టిలో పారేశాను. నన్నేమీ అనలేదు. వంగి ఏరుకుంది."

"సింహా…"

"మీ తాత," అన్నాడు. ఎప్పుడూ తాతగారు అనేవాడు. ఆగిపోయి, మొహం రుద్దుకున్నాడు, సుద్ద చెంపకి అంటింది. "నీ మీద కోపం లేదు మందా. కాని ఇప్పుడు నన్ను ఊరుకోబెట్టకు. నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. అది నీ చేతిలో ఉంది."

"తీసెయ్యమంటే మన ఇంట్లో అంతా బాగానే ఉంటుంది," అంది ఆమె. "మీ అమ్మ పులుసు పంపుతుంది. నేను తింటాను. నువ్వు నాతో మాట్లాడతావు. కాని రోజూ ఒక మాట మింగి మాట్లాడతావు. అట్లాంటి ఇంట్లోనే పెరిగాను నేను."

అతను పటాలు బల్ల మీద పెట్టాడు. లేచి ఆమె పక్కకి జరిగి కూర్చున్నాడు, భుజం ఆనేంత దగ్గరగా కాదు.

అమ్మమ్మ తీసెయ్యమన్నా, ఈలోపు ఇంటివాళ్ళు ఎవరికైనా వినిపించుకోవచ్చు. మందాకిని అక్కడే ఫోను తీసింది. అవతల నూకరత్నం వెంటనే ఎత్తింది. వెనకాల ఏదో వేగుతున్న చప్పుడు.

"ఏటమ్మా కోడలా, ఈ యేళప్పుడు? గొంతలాగుందేటి, జలుబా?"

"లేదత్తయ్యా. రేపు పొద్దున్నే మేమిద్దరం వస్తున్నాం. గవ్వలపాలెం పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారుగా, వాళ్ళందర్నీ మన ఇంటి ముందుకి పిలవండి. మధ్యాహ్నం కాకుండానే."

"అందర్నీయా! ఏటి ఇసేసం? నీళ్ళోసుకున్నావేటే?" నూకరత్నం నవ్వింది. "ఓలమ్మ, ఆడికి సెప్పకుండా నాకే ముందు సెప్తన్నావా? ఏ కూరొండమంటావు, సెప్పు."

మందాకిని కళ్ళు మూసుకుంది. "అది కాదత్తయ్యా. మీ అప్ప గొంతు దొరికింది. సభలో ఆ రోజు గొంతు."

వేపుడు చప్పుడు ఆగిపోయింది. పొయ్యి కట్టేసినట్టుంది.

"అప్పదా?" అంది నూకరత్నం. చిన్నపిల్ల అడిగినట్టు, "అది మాటాడిందేటి?"

"రేపు వినండి. నేనే తెచ్చి వినిపిస్తాను. అందులో మా తాత మాట కూడా ఉంటుంది. మొత్తం విన్నాక నన్ను గుమ్మంలోకి రానివ్వాలో వద్దో మీరే చెప్పండి. మేం మొదటి బస్సుకే బయల్దేరుతున్నాం అత్తయ్యా."